మన్నెములో వెలసిన స్వామి

నేను భీమునిపట్నవాసిని. మతస్వాతంత్ర్యమను మాటకు మా యూరు చక్కని నిదర్శనము. పావురాలకొండపై బౌద్ధవిహార శిథిలములున్నవి; ఆ కొండమీదనే నరసింహస్వామి కొలువై యున్నాడు; పట్టణమున డచ్చివారి సమాధులున్నవి. 1825లో ఈ రేవు డచ్చివారినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చెను. మతవిశ్వాసము కారణముగా నెవ్వరిని బాధింపబోమని 1858 నవంబరు 1వ తేదీన విక్టోరియా రాణి ప్రకటించెను. రేవుపట్టణమున ఆ మాట నిలుపుకొనుట పాలకులకు కష్టము కాలేదు. మా జిల్లా కొండలలో మాత్రము అది కఠిన పరీక్షకు గురియయ్యెను.

ఆనాడు విశాఖపట్నము జిల్లాలోని మన్నెపు భూములలో చాలభాగమునకు 1839 నాటి చట్టము వర్తించెడిది. మైదానపు న్యాయస్థానముల యధికారము అచ్చట చెల్లదు. గవర్నరు ఏజెంటుగా కలెక్టరే సర్వాధికారి. సాలూరు తాలూకా కొర్రవానివలసలో 1900వ సంవత్సరమున కొర్రా మల్లయ్య యను కొండదొర తనకు దైవావేశము కలిగినదని చెప్పెను. నాలుగైదు వేలమంది ఆయన చుట్టు చేరిరి. తాను పంచపాండవులలో నొకని అవతారమనియు, తన పసికుమారుడు శ్రీకృష్ణుడనియు ఆయన చాటెను. కొండదొరలు తాము పాండవ సంతతివారమని చెప్పుకొనువారు గనుక ఆ మాట వారికి వింత కాలేదు.

అంతటితో ఆగలేదు. ఇంగ్లీషువారిని వెళ్లగొట్టి తానే రాజ్యమేలుదు ననెను. వెదురుకర్రలు తుపాకులగుననియు, సర్కారు ఆయుధములు నీరగుననియు చెప్పెను. మే 1వ తేదీన సంగతి కనుగొన వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను భక్తులు కొట్టి చంపిరి. 7వ తేదీ తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు రిజర్వు పోలీసులతో శిబిరముపై పడెను. జనము ఎదిరించిరి, కాల్పులలో 11 మంది మరణించిరి. 60 మందిపై దొమ్మీ నేరమును, ముగ్గురిపై హత్యానేరమును విచారించిరి. ఆ ముగ్గురిలో మల్లయ్య చెరసాలలో మరణించెను. తక్కిన ఇద్దరిని ఉరితీసిరి. ఆ పసివాడును బ్రదుకలేదు.

ఈ వృత్తాంతము 1907లో వెలువడిన, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ దొర కూర్చిన జిల్లా గెజెటీరులో నున్నది. మల్లయ్య నడవడి మొదట నిరపాయకరముగానే యుండెనని అందే చెప్పబడినది. కానిస్టేబుళ్ల హత్యను నేను సమర్థింపను. కొలువు చేసికొని బ్రదుకువారి ప్రాణమును ప్రాణమే. హంతకులను పట్టుకొనుట ఏ ప్రభుత్వమునకైనను విధి. కాని అన్నివేల జనము ఏ బాధతో అచ్చటికి చేరిరో, ఆ తొలి దినములలో ఎవరైన నడిగినట్లు ఆ కథనమున కానరాదు. ఆ జనమునకు వోటు లేదు. వారి పక్షమున మాటాడు ప్రతినిధి లేడు. అట్టిచోట ప్రజల కోరిక దేవుని నోట పలుకుట సహజమని నా తలంపు. పాలకులకది రాజద్రోహముగా మాత్రమే వినబడెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 25వ అధికరణమున అంతరాత్మ స్వేచ్ఛ నిచ్చినది. శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యమునకు లోబడి యనియు చెప్పినది. ఆ హద్దు అవసరమే. అయితే హద్దు దాటిన దినమున తుపాకి పట్టుటకంటె, దాటకమునుపే వెళ్లి వినుట మేలు. అది పోలీసులకంటె ముందు గ్రామపెద్దలు చేయదగిన పని. మీ యూర నొక స్వామి వెలసి జనము మూగినచో, ఆయన మహిమలను గూర్చి తర్కించుటకు ముందు, వచ్చినవారి కష్టమేమో అడుగుడు.