ఎలక్ట్రిక్ కారులో మజా ఉందా? గండికోట ఘాట్లో మా మామకు దొరికిన జవాబు

ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అన్నా, ఎలక్ట్రిక్ కారు నడిపితే మజా వస్తుందా?" ఖర్చు సంగతి కాదు, మైలేజీ సంగతి కాదు. డ్రైవింగ్ అంటే పిచ్చి ఉన్నోడికి అది నచ్చుతుందా, లేదా?

మా మామ జమ్మలమడుగులో చాలా ఏళ్ళు డీజిల్ జీపు తోలినాడు. శబ్దం విని ఏ గేరులో ఉందో చెప్పగలడు. మా ఫ్రెండు కొత్త ఎలక్ట్రిక్ కారు ఎక్కించుకుని ప్రొద్దుటూరు నుంచి బయలుదేరగానే ఒక మాటన్నాడు: "సెల్‌ఫోనుకు నాలుగు చక్రాలు తగిలించినట్టుంది కదరా అల్లుడూ!"

నవ్వొచ్చింది. కానీ చరిత్ర చూస్తే విషయం తిరగబడి ఉంది.

1899 ఏప్రిల్ 29. పారిస్ దగ్గర అషేర్ అనే ఊరు. కామిల్ జెనాట్జీ అనే బెల్జియం డ్రైవరు టార్పెడో ఆకారంలో ఉన్న కారు ఎక్కి గంటకు 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. రోడ్డు మీద వంద దాటిన మొట్టమొదటి కారు అదే. పెట్రోలుది కాదు, ఎలక్ట్రిక్‌ది. దాని పేరు 'లా జమే కాంతాంత్', అంటే ఎప్పటికీ తృప్తి పడనిది అని. అంతకుముందు కొన్ని నెలలుగా అతనికి పోటీ ఇచ్చిన ఫ్రెంచి కౌంట్ శాస్‌లూ-లోబా కూడా ఎలక్ట్రిక్ కారే నడిపినాడు. అంటే ఆ కాలంలో స్పీడు పిచ్చోళ్ళ బండి ఇదే!

మరి ఎక్కడ ఓడిపోయింది? స్పీడులో కాదు, దూరంలో. బ్యాటరీ బరువు, ఊరు దాటితే కరెంటు లేదు. పెట్రోలైతే డబ్బాలో పోసుకుని పోవచ్చు. పెట్రోలు కారుకున్న పెద్ద బాధ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయడం. 1912 మోడల్ క్యాడిలాక్‌లో సెల్ఫ్ స్టార్టర్ వచ్చి ఆ బాధ కూడా తీర్చేసింది. ఆ స్టార్టర్ ఏందో తెలుసా? ఒక ఎలక్ట్రిక్ మోటారు. ఎలక్ట్రిక్ కారును దెబ్బ కొట్టింది ఎలక్ట్రిక్ మోటారే.

మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి రేవా వచ్చింది. సిటీలో తిరగడానికి చేసిన చిన్న బండి. దాన్ని చూసి ఎలక్ట్రిక్ అంటే బొమ్మ కారు అనే ముద్ర చాలా మందిలో పడిపోయింది.

ఆ ముద్ర మన కళ్ళ ముందే చెరిగిన రోజు 2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు. ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్, వెనక నుంచి నిక్ క్యాసిడీ ఒత్తిడి చేస్తున్నా చివరిదాకా దారి ఇవ్వకుండా గెలిచినాడు. ఆ రేసులో ఊరికే తొక్కితే గెలవరు. బ్రేక్ వేసేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి కరెంటు తిరిగి ఇస్తుంది. ఎక్కడ తొక్కాలి, ఎక్కడ వదలాలి అనే లెక్క తెలిసినోడిదే రేసు.

ఈ లెక్క నాకు అర్థమైంది గండికోట రోడ్డులోనే. జమ్మలమడుగు దాటినాక స్ట్రెయిట్ రోడ్డులో కాలు పెట్టగానే వీపు సీటుకు అతుక్కుంది. మోటారుకు సున్నా నుంచే పూర్తి టార్క్ ఉంటుంది, గేరు మారే గ్యాప్ లేదు. కానీ నిజం చెప్తున్నా, నాలుగోసారికి ఆ కిక్కు పాతబడిపోయింది. తొక్కుడులో డ్రైవరు పనితనం ఏముంది?

అసలు మజా దిగేటప్పుడు వచ్చింది. స్టీరింగ్ మామకిచ్చినా. మొదటి మలుపులో కాలు ఒక్కసారిగా తీసేసరికి బండి ఠక్కున పట్టేసింది, ఇద్దరం ముందుకు ఊగినాం. రెండో మలుపుకు కొంచెం కొంచెంగా వదలడం పట్టుకున్నాడు. నాలుగో మలుపుకు బ్రేకు ముట్టనే లేదు. కిందికొచ్చినాక, "జీపులో సెకండ్ గేరులో దింపినట్టే ఉందిరా" అన్నాడు. చెవి చేసే పని ఇప్పుడు పాదం చేస్తోంది, అంతే.

లోట్లు లేవని చెప్పను. బ్యాటరీ నేల కింద ఉండడంతో బండి మలుపులో పెద్దగా ఊగదు, కానీ బరువు ఎక్కువ. స్పీడు మించితే ఆ బరువు బయటికి లాగుతుంది. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయేటప్పుడు గట్టిగా తొక్కితే, పోయిన కిలోమీటర్ల కంటే మీటరులో తగ్గిన కిలోమీటర్లే ఎక్కువ. జెనాట్జీ కాలం నాటి సమస్యే ఇది, ఇంకా పూర్తిగా పోలేదు.

ఇంకొకటి, సీరియస్‌గా వినండి. దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. కాపరి పెద్దాయన మాకు వీపు చేసి నడుస్తున్నాడు. మేం దగ్గరికి వచ్చేదాకా ఆయనకు తెలియనే లేదు. జీపు అయితే ఫర్లాంగు ముందే వినపడేది. శబ్దం లేని బండిలో అంత పికప్ చేతికొచ్చినప్పుడు, ఎదుటి మనిషి బాధ్యత కూడా మన పాదం మీదే ఉంటుంది.

కాబట్టి నా జవాబు: మజా ఉంది. కానీ అది పికప్‌లో లేదు, కంట్రోల్‌లో ఉంది. షోరూమువాళ్ళు స్ట్రెయిట్ రోడ్డులో టెస్ట్ డ్రైవ్ ఇస్తే సరిపెట్టుకోకండి. మలుపులున్న రోడ్డు అడగండి, నిదానంగా దిగండి. అప్పుడు కూడా నవ్వొస్తే, ఆ కారు మీదే.

మామ మాత్రం జీపు అమ్మనన్నాడు. కాకపోతే ఇంటికాడ దిగుతూ అడిగినాడు: "ఆదివారం మళ్ళీ గండికోటకు పోదామా అల్లుడూ?"