మోట బాయికాడి ముచ్చట

ఆ మొద్దు జర ఇటు జరుపు బిడ్డా, మంట ఆరిపోతున్నది. లగ్గమై ఏడాది గాకముందే ఎవుసంల పడ్డవు. మొగనితోని మాట్లాడే పుర్సతే దొరుకుతలేదంటున్నవు. ఇగో, మా కాలం ముచ్చట జెప్త ఇను.

నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చిన యేడే నెహ్రూ వచ్చి పోచంపాడు డ్యాముకు రాయేసిండు. 1963 అది. నీళ్లొస్తయ్ నీళ్లొస్తయ్ అని అందరు సంబురపడ్డరు గని, కాలువ మనూరికి వచ్చేసరికి మీ నాయినకు మీసాలొచ్చినయ్. అందాక మోట బాయే దిక్కు. కోడి కూయంగనే మీ తాత ఎడ్లను కట్టేటోడు. మోకు మీద కూసోని ఎడ్లను దిగువకు తోలితే తొండం నిండి పైకొచ్చి నీళ్లు గుమ్మరిచ్చేది. నేను పార పట్టుకోని, ఒక మడి నిండంగనే ఇంకో మడికి మలిపేదాన్ని. ఎడ్లు దిగేటప్పుడు గిరక మోతకు ఏం ఇనపడకపోవు. అవి ఎనుకకు నడిచొచ్చేటప్పుడే ఒకళ్ల మాట ఒకళ్లకు ఇనపడేది. ఆయన ఒక మాటంటే, జవాబు జెప్పెతందుకు తొండం మళ్ల మునిగేదాక ఆగాలె. ఇంట్ల అత్తమామలు, మరుదులు, ఆడబిడ్డలు. మాకంటూ జాగ ఆ బాయి గడ్డే. మా సంసారం పొడుగూత గా బాయి గడ్డ మీదనే కుదిరింది.

అట్లని అన్నీ బాగున్నయని కాదు. ఒక యేడు యాసంగిల మీ తాత నాతోని జెప్పకుంట అడ్తి దుకాణంల అప్పు జేసిండు. నాకు ఎట్ల తెలిసిందనుకుంటున్నవ్? కలుపు తీసేకాడ, నలుగురు ఆడోళ్ల నడుమ ఒకామె అన్నది. మస్తు సిగ్గయింది. అప్పుకు కాదు బిడ్డా, ఊరికి ఎరుకున్నది నాకు ఎరుక లేదని. ఆ పొద్దు సద్ది మూట ఆయన ముందట పెట్టిన గని మాట్లాడలే. గట్క కలుపుకోని ఇంత నా దిక్కు జరిపిండు, నేను ముట్టలే. అప్పుడు ఆయనే అన్నడు, "ఇగ నీకు జెప్పకుంట రూపాయి తేను" అని.

నాకు సదువు రాదు గద. అర్ర గోడకు సున్నంతోని బొట్లు పెట్టుడు మొదలు పెట్టిన. తెచ్చిన పైసలకు ఒక వరుస, గరిసెల పోసిన వడ్లకు ఒక వరుస, కైకిలోళ్లకు ఇయ్యాల్సింది ఒక వరుస. రాత్రి బువ్వ తిన్నంక ఆయన జెప్పుడు, నేను బొట్టు పెట్టుడు. ఒక్కోపారి లెక్క తప్పి కొట్లాడుకుందుము. కొట్లాడుకున్నా మంచిదే, ఇద్దరం ఒకటే గోడ దిక్కు జూసి కొట్లాడినం.

1972ల కరువొచ్చింది. చెరువు నెర్రెలిచ్చింది, బాయిల తొండం మునగలే. గరిసెల ఎన్నున్నయో, గడ్డి ఎన్నొద్దులకొస్తదో నాకు ఎరుకేనాయె. అందుకే ఆయన అడగకముందే కాళ్ల కడియాలు నేనే తీసిచ్చిన. ఎడ్లను అమ్ముకోలే.

కరెంటు మోటర్లొచ్చినంక ఇంకో తిప్పలు. నడిరాత్రి కరెంటు ఇచ్చేటోళ్లు. తడి చేతులతోని స్టార్టర్ ముట్టి సచ్చినోళ్లు, పాము కుట్టి పోయినోళ్లు ఎంతమందో. ఒక్కణ్ణి పోనియ్యలే నేను. టార్చి పట్టుకోని ఎంబడి పోయేదాన్ని. మడి పారేదాక గట్టు మీద కూసోని పిల్లల ముచ్చట, పెండ్లిళ్ల ముచ్చట అన్నీ ఆడనే తెగ్గొట్టుకున్నం. ఇప్పుడు మీకు రాత్రి పోయే పనిలేదు, 2018 నుంచి పొద్దంత కరెంటే. పుర్సత్ మాకన్న మీకే ఎక్కువున్నది బిడ్డా, చేతుల ఫోను పక్కకు పెడితె.

నీ మొగడు ఈ యేడు మిరప ఏస్తనంటున్నడట గద. ఇత్తునాలకెంత, మందులకెంత, అప్పు యాడ తెస్తుండు? నీకు జెప్పిండా? జెప్పకుంటే రేపు సద్ది పట్టుకపొయ్యి, చెల్క కాడనే కూసోని అడుగు. పాసుబుక్కు మీద నీ పేరున ఎన్ని గుంటలున్నయో అది గూడ అడుగు.