కుళ్ళిన దూలం, మిగిలిన నౌక: రెండు కొయ్య యుద్ధనౌకల పునరుద్ధరణ చరిత్ర

ఉపోద్ఘాతం

ప్రాచీన కొయ్య నౌకలో కుళ్ళిన భాగాన్ని తొలగించి కొత్త కర్రను అమర్చినప్పుడు మిగిలేది అదే నౌకా, లేక దాని ప్రతిరూపమా? థీసియస్ నౌకను గురించి ప్లూటార్క్ ప్రస్తావించిన ఈ తాత్త్విక ప్రశ్న నౌకా పునరుద్ధారకులకు నిత్యం ఎదురయ్యే ఆచరణ సమస్య. అమెరికాకు చెందిన కాన్‌స్టిట్యూషన్, బొంబాయిలో నిర్మితమైన ట్రింకోమలీ నౌకల చరిత్ర ఆధారంగా ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కుళ్ళు స్వభావం

కొయ్యను కుళ్ళజేసేది శిలీంధ్రం. దానికి తేమతోపాటు గాలి కూడా కావాలి. అందువల్ల ఉప్పునీటిలో నిరంతరం మునిగివుండే అడుగుభాగం కంటే, పైతట్టు సందుల గుండా వాననీరు దిగే దూలాల కొసలు, వంపుకర్రల పైభాగాలు ముందుగా చెడతాయి. ఓక్ కర్రలోని ఆమ్లం ఇనుప మేకులను తినివేస్తుంది. టేకులోని నూనె ఇనుమును కాపాడుతుంది. బొంబాయి టేకు నౌకల దీర్ఘాయువుకు ఇదొక ప్రధాన కారణం.

చెడిన వంపుకర్రలన్నింటినీ ఒకేసారి తీసివేస్తే నౌక ఆకృతి చెదరిపోతుంది. కనుక బయటినుంచి ఊతకర్రలు నిలిపి, కొన్నింటిని ఉంచి కొన్నింటిని మారుస్తూ, పాతకర్ర కొలతలను అచ్చుగా తీసుకొని పని సాగించాలి. కుళ్ళు కనిపించినంత మేరకే గాక, గట్టి కర్ర తగిలేవరకు కోసి, ఏటవాలు అతుకుతో కొత్తదాన్ని కలపాలి.

కాన్‌స్టిట్యూషన్: లోపించిన అవయవం

1797లో బోస్టన్‌లో జలప్రవేశం చేసిన కాన్‌స్టిట్యూషన్‌కు జాషువా హంఫ్రీస్ ఒక ప్రత్యేక నిర్మాణాన్ని రూపొందించాడు. అడుగుగదిలో ఐమూలగా అమర్చిన బలమైన కర్రలు నౌక నడుము పైకి ఉబ్బి, రెండు కొనలు కిందికి వాలకుండా నిరోధించేవి. తరువాతి మరమ్మతుల్లో ఈ కర్రలు తొలగిపోయాయి. చెడిన పలకలు మారుతూనే ఉన్నా, నౌక వంగడం ఆగలేదు. 1992-96 పునరుద్ధరణలో మూల రూపకల్పనను అనుసరించి ఐమూల కర్రలను తిరిగి అమర్చారు. 1997 జూలైలో, 116 సంవత్సరాల తరువాత, ఆ నౌక తన తెరచాపలతో తిరిగి పయనించింది. దానిలో తొలినాటి కర్ర నేడు స్వల్పభాగమే.

ట్రింకోమలీ: నిలిచిన కర్ర

ట్రింకోమలీ చరిత్ర కాన్‌స్టిట్యూషన్‌తో విచిత్రంగా ముడిపడివుంది. దాని నమూనా చిత్రాలను తీసుకొని బొంబాయికి బయలుదేరిన జావా నౌకను 1812 డిసెంబరులో కాన్‌స్టిట్యూషనే ఓడించింది. చిత్రాలు దానితోపాటే నశించాయి. మళ్ళీ చిత్రాలు పంపవలసివచ్చింది. జంషెడ్జీ బొమన్జీ వాడియా పర్యవేక్షణలో టేకుతో నిర్మితమైన ఈ నౌక 1817 అక్టోబరు 12న జలప్రవేశం చేసింది. 1897 తరువాత ఫూడ్రోయంట్ అనే పేరుతో శిక్షణ నౌకగా 1986 వరకు ఉపయోగపడింది. 1990లో హార్టిల్‌పూల్‌లో ఆరంభమైన పునరుద్ధరణ 2001లో ముగిసింది. పాత పేరు 1992లో తిరిగి వచ్చింది. నౌకాదేహంలో సగానికి పైగా బొంబాయి నాటి కర్రే నిలిచివుంది.

ముగింపు

తొలినాటి కర్ర పరిమాణమే ప్రామాణికతకు కొలమానమైతే కాన్‌స్టిట్యూషన్ ఓడిపోతుంది. కాని నిర్మాణసూత్రం కూడా వారసత్వమే. కర్ర మారినందువల్ల కాన్‌స్టిట్యూషన్ దెబ్బతినలేదు. ఒక అవయవం చేసే పనిని గుర్తించక దాన్ని తొలగించినందువల్ల దెబ్బతిన్నది. మరోవైపు ట్రింకోమలీలోని ప్రతి పాతదూలం మీదా వాడియాల పనివారి ఉలి గుర్తు ఒక చారిత్రక ఆధారం; దాన్ని అనవసరంగా తీసివేయడం పత్రాన్ని చింపివేయడంతో సమానం. కాబట్టి పునరుద్ధారకుని బాధ్యత రెండు విధాలు: గట్టిగా ఉన్నదాన్ని ఉంచడం, తీసినదాని కొలతను, స్థానాన్ని, ప్రయోజనాన్ని నమోదు చేయడం. మార్పు తప్పదు, గుర్తులేని మార్పే నౌకకు అసలైన కుళ్ళు.