మంచుమీద తుపాకీ

మంచుమీద పరుగేమిటి, మధ్యలో తుపాకీ ఏమిటి అని మీకు నవ్వు రావచ్చు. బయాథ్లాన్ అనే ఆటే అంత. కాళ్ళకు స్కీలు కట్టుకుని, వీపున తుపాకీతో మంచులో కిలోమీటర్ల కొద్దీ సాగాలి. ఆ రొప్పుతోనే ఆగి, 50 మీటర్ల దూరాన ఉన్న గురి కొట్టాలి. పరుగెత్తుకొచ్చి సూదిలో దారం ఎక్కించి చూడండి, ఆ కష్టం తెలుస్తుంది! గుండు తప్పితే 150 మీటర్లు అదనంగా చుట్టి రావాలి.

ఒలింపిక్స్‌లో మగవాళ్ళకు ఈ పోటీ 1960లోనే పెట్టారు. ఆడవాళ్ళు మాత్రం 1992 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మొట్టమొదటి పందెం గెలిచినావిడ రష్యా ఆడపడుచు అన్‌ఫీసా రెజ్‌త్సోవా. 1988లో కాల్గరీలో, తుపాకీ లేని స్కీ పరుగులో, తోటివాళ్ళతో కలిసి రిలే స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడు ఆడపిల్లను కన్నది. ఇక ఇంటిపట్టునే ఉందనుకునేరు, తుపాకీ పట్టింది ఆ తరవాతే!

ఫ్రాన్సులో ఆల్బర్‌విల్ ఒలింపిక్స్ నాటికి ఆవిడ పుట్టిన సోవియట్ దేశమే లేదు. 7.5 కిలోమీటర్ల పందెంలో పది గుళ్ళకు మూడు తప్పాయి. మూడు చుట్లూ తిరిగింది. అయినా అందరికంటే తక్కువ సమయం ఆవిడదే. గురి తప్పినా కాళ్ళు కాపాడాయన్నమాట.

1994లో రిలేలో మరో స్వర్ణం. 2023లో కన్నుమూసింది. అంతకు ముందటేడే, బీజింగ్‌లో, ఆవిడ కూతురు క్రిస్టీనా ఇదే ఆటలో రిలే రజతం అందుకుంది.