ఇరువదవ యేట పట్టిన గిటారు

తంజావూరు వీణకును అమెరికా దేశపు విద్యుత్ గిటారునకును చుట్టరికము కలదన్నచో మన పెద్దలు నవ్వుదురు. కాని రెండింటి దండిమీది మెట్లను ఒకసారి లెక్కించి చూడుడు. వీణమీద స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు మెట్లు. గిటారుమీదను స్థాయికి పండ్రెండే. వీణకు ఈ మెట్లు మైనములో కదలకుండ నిలిచినది తంజావూరేలిన రఘునాథనాయకుని కాలమున ననియు, అందు గోవింద దీక్షితుల ప్రజ్ఞ కలదనియు సంగీతచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అందుచేతనే దానికి రఘునాథవీణ యన్న పేరును కలదు. తమిళసీమ నడుమ కూర్చుండి తెలుగున కావ్యములు రచించిన ఆ ప్రభువు 17వ శతాబ్ది పూర్వార్ధమువాడు. కావున బాల్యమున నాలుగు గీతములు వీణపై మీటి విడిచిపెట్టిన మన యింటి ఆడపడుచు నలువదియేండ్లు దాటిన పిమ్మట కుమారుని గిటారు ఒడిలోనికి తీసికొన్నచో, ఆమెను పూర్తిగా క్రొత్తవిద్యార్థిని యనుటకు వీలులేదు. మెట్టునకును మెట్టునకును నడుమనున్న అర్ధస్వరము ఆమె వ్రేళ్లకు ముందే తెలియును.

ఈ విద్యుత్ గిటారు పుట్టుక కడు విచిత్రమైనది. గిటారు సహజముగా మెత్తని గొంతు గలది. ఇంటిలో పాటకు తోడుగా మీటుటకు చాలును గాని, బూరలు, డప్పులు మ్రోగు నాట్యశాలలలో దానిని వినువారు లేకపోయిరి. లాస్ ఏంజిలిస్ నగరమున జార్జి బోషాంపు అను వాద్యకారుడు, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అను యంత్రనిపుణుడు కలిసి 1931లో ఒక ఉపాయము సాధించిరి. ఉక్కుతంత్రుల క్రింద అయస్కాంతమును, దాని చెంత సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టిన కండెను అమర్చిరి. తంత్రి కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించును. ఆ చలనమువలన తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును యాంప్లిఫైయరు పెంచి ధ్వనిగా మార్చును. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే సరిగా నూరేండ్లకు పాటలోనికి వచ్చినది. ఆ మొదటి వాద్యము ఒడిలో పరుండబెట్టి వాయించు హవాయి పద్ధతిది. గుండ్రని తల, పొడుగాటి కాడ గలిగి యుండుటచే దానిని జనులు వేపుడు పెనమని పిలిచిరి. 1936లో గిబ్సన్ కంపెనీవారు నిలువుగా పట్టుకొని వాయించు విద్యుత్ గిటారును అమ్మకమునకు తెచ్చిరి. 1950 నాటికి కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయు లియో ఫెండర్, లోపల బోలు లేని దిట్టమైన కొయ్యతో గిటారు చేసి పెద్దయెత్తున అమ్మనారంభించెను. లోకమందలి గిటారువాద్యకారులలో పెక్కుమంది చేతులలో కనబడు వాద్యములకు మూలపురుషుడైన ఆ ఫెండర్ తాను మాత్రము గిటారు వాయించుట నేర్వనేలేదు! వీణలు చెక్కు వడ్రంగులందరును వైణికులు కానట్లే యనుకొందము.

వాద్యము వచ్చినది, దానికొక భాష కావలసివచ్చెను. ఆ భాషను కల్పించినవాడు చార్లీ క్రిస్టియన్. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందమున చేరి, మూడేండ్లు తిరుగకమునుపే, 1942 మార్చిలో క్షయవ్యాధిచే ఇరువదియైదేండ్ల వయస్సున కన్నుమూసెను. అంతవరకు వెనుక తాళమునకు తోడుగా నుండిన గిటారును ముందునకు తెచ్చి, బూరవలె ఒంటరిగా పలికించినవాడాతడు. ఆతని రికార్డులు మాత్రము గ్రామఫోనులు గల ప్రతి యూరికిని చేరినవి.

అట్టి రికార్డు ఒకటి ఇండియానాపోలిస్ నగరమున ఒక యువకుని చెవిని బడినది. ఆతని పేరు వెస్ మాంట్‌గమరీ. 1923లో జన్మించెను. 1943లో వివాహమాడి, వెల్డింగు పని చేసికొనుచు సంసారము నడుపుచుండెను. క్రిస్టియన్ వాయించిన ‘సోలో ఫ్లైట్’ అను రికార్డు విన్నంతనే ఆతనికి మరి నిలువ మనస్కరించలేదు. ఒక గిటారును, యాంప్లిఫైయరును కొని తెచ్చుకొనెను. వయస్సు ఇరువది. సంగీతవృత్తిలో అది ఆలస్యమైన వయస్సే. మన దేశమున ఐదవయేట సరళీస్వరములు, పండ్రెండవయేట వర్ణములు అను లెక్కలో చూచినచో మరియు ఆలస్యము. ఆతని చేయి పూర్తిగా కోరా యనుటయు సరికాదు. పండ్రెండేండ్ల ప్రాయమున అన్న మాంక్ కొనియిచ్చిన నాలుగుతంత్రుల గిటారుతో ఆటలాడినవాడే. కాని ఆరుతంత్రుల వాద్యము వేరు, దాని శ్రుతి వేరు. తాను మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెనని ఆతడే పలుమారు చెప్పియున్నాడు.

గురువు లేడు. పుస్తకము లేదు, ఉన్నను ఆతనికి స్వరలిపి చదువరాదు, కడవరకును రాలేదు. రికార్డును పెట్టుట, రెండు స్వరములు వినుట, సూదిని ఎత్తి వెనుకకు జరుపుట, అవియే మరల వెదకుట — ఇదియే ఆతని పాఠశాల. పగలంతయు కర్మాగారమున కష్టించి వచ్చినవానికి సాధనకు దొరకునది రాత్రియే గదా. రాత్రివేళ యాంప్లిఫైయరు మ్రోతకు ఇరుగుపొరుగువారు విసిగిరి. అందరును గిటారును గట్టి బిళ్లతో మీటుదురు; ఆ బిళ్ల మ్రోత పదునైనది. మాంట్‌గమరీ బిళ్లను ప్రక్కనబెట్టి బొటనవ్రేలి మెత్తని కండతో మీట నారంభించెను. ధ్వని తగ్గినది, తగ్గుటయే గాక గుండ్రనై, వెచ్చనై వినవచ్చినది. పొరుగువారి నిద్ర కొరకు చేసికొన్న సర్దుబాటు ఆతని వాద్యమునకు గుర్తుగా నిలిచిపోయినది. తరువాతి కాలమున ఎందరో గొప్ప వాద్యకారులు ఆ బొటనవ్రేలి నాదమును పట్టుటకు శ్రమించిరి. ఇరుకు వాటాలలో కాపురముండి సంగీతము సాధన చేసిన మన కుటుంబములకు ఈ కథ వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

కొన్ని మాసముల పిమ్మట ఊరిలోని ఒక క్లబ్బులో పని దొరకినది. ఆతనికి అప్పటికి వచ్చినవి క్రిస్టియన్ వాయించిన స్వరప్రస్తారములు మాత్రమే. అవి వాయించి, మిగిలిన పాటలకు చేతులు కట్టుకొని కూర్చుండెడివాడు! ఈ దశను చిన్నచూపు చూచువారు కలరు గాని నాకు ఇందు తప్పు కనబడదు. గురువు పాడినదానిని అక్షరము జారకుండ ఒప్పగించుట మన సంప్రదాయమునను మొదటి మెట్టు.

1948 నుండి రెండేండ్లు లయొనెల్ హాంప్టన్ బృందముతో దేశమంతయు తిరిగెను. బిడ్డలు పెరుగుచుండిరి, ఇల్లు దూరమయ్యెను. తిరిగి వచ్చి రేడియోభాగముల కర్మాగారములో చేరెను. ఉదయము ఏడుగంటలనుండి మధ్యాహ్నము మూడువరకు కర్మాగారము. రాత్రి తొమ్మిదినుండి రెండువరకు ఒకచోట వాద్యము. పిదప రెండున్నర నుండి తెల్లవారుజాము ఐదువరకు మరియొకచోట. ఇట్లు కొన్నియేండ్లు గడచినవి. 1959లో ఆ రాత్రికూటములలో ఒకదానికి వచ్చిన కానన్‌బాల్ ఆడర్లీ అను సాక్సఫోను వాద్యకారుడు విని నిశ్చేష్టుడై, న్యూయార్కులోని రివర్‌సైడు రికార్డుల కంపెనీవారికి చెప్పెను. మరుసటి సంవత్సరమున వెలువడిన రికార్డుతో మాంట్‌గమరీ పేరు లోకమున ప్రాకెను. అప్పటికి ఆతనికి ముప్పదియేడేండ్లు. 1968 జూన్ 15వ తేదీన గుండెపోటున తన యింటనే మరణించెను. నలువదియైదేండ్లు మాత్రమే జీవించెను. ఏడుగురు బిడ్డల తండ్రి ఆ రెండు ఉద్యోగములతో శరీరమును ఎంత నలుగగొట్టుకొన్నాడో ఊహింపవచ్చును. ఆతని కీర్తిని మెచ్చువారు ఈ మూల్యమును సాధారణముగా లెక్కలోనికి తీసికొనరు.

స్వరలిపి రాకుండుట ఆతనికి జీవితాంతము బిడియముగా నుండెడిదట. ఇచ్చట మనవారి స్థితి గుర్తునకు రాక మానదు. బరంపురమున ఒడియా బడిలోనో, సేలమున తమిళబడిలోనో చదివి, ఇంట అమ్మతో చక్కని తెలుగు మాటలాడుచు, తెలుగు పత్రిక చేతికిచ్చినచో తలవంచుకొను పెద్దమనుష్యులు మన కుటుంబములలో ఎందరు లేరు? చెవికి పూర్తిగా తెలిసిన భాష కంటికి తెలియనిది. మాంట్‌గమరీకి సంగీతము అట్లుండెను. ఆతని వాద్యము విన్నవారెవ్వరును ఆతడు సంగీతము రానివాడనలేదు. కాని లిపి తెలిసియుండినచో బృందములలో ఆతనికి కొంత శ్రమ తప్పెడిది, ఇదియు సత్యమే.

లిపితో నేర్చుకొనువారికి 1957లో ఇంగ్లండున బర్ట్ వీడన్ ఒక పుస్తకము వ్రాసెను. ఒక్కదినమున గిటారు వచ్చునని దాని పేరు వాగ్దానము చేయును. అట్లు ఒక్కదినమున వచ్చినవారెవ్వరునులేరు గాని, ఆ పుస్తకము లక్షలకొలది అమ్ముడుపోయినది. బీటిల్సు బృందమువారును దానితోనే ఆరంభించిరి. దినముసంగతి అటుంచి, మొదటి కొన్ని వారములు వ్రేళ్లకొనలు మండును. తరువాత అచ్చటి చర్మము గట్టిపడును. విద్యుత్ గిటారు తంత్రులు సన్ననివి, మెట్లకు దగ్గరగా అమరినవి, కావున ప్రాయము మీరిన చేతికి ఇదియే సులువు. తంత్రిని ప్రక్కకు లాగి స్వరమును సాగదీయుట వీణ ఎరిగినవారికి వింత గాదు. అన్ని తంత్రులను ఒక్క వ్రేలితో అదిమిపట్టి పలికించుటయే పెద్దలకు నెలలకొలది విసుగు పుట్టించునది. నేడు చెవికి మాత్రము వినబడు హెడ్‌ఫోనులు వచ్చినవి గనుక పొరుగువారి గొడవ తీరినది. బొటనవ్రేలితో మీటవలసిన అగత్యమును తీరినది.

కర్ణాటకసంగీతమునకు ఈ విద్యుద్వాద్యము తగునా యన్న ప్రశ్నకు సమాధానము మన గోదావరిసీమనుండియే వచ్చినది. పాలకొల్లున 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరవయేట తండ్రి మాండలిన్‌ను పట్టెను. పిమ్మట దానిని విద్యుద్వాద్యముగా మార్చి, జంటతంత్రులకు బదులు ఒంటితంత్రులు కట్టించి, గమకములు పలుకునట్లు చేసికొనెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములందు తొలి కచేరీ; 1981లో మదరాసు. మదరాసే ఆతనికి నివాసమయ్యెను. అచ్చటనే 2014 సెప్టెంబరు 19న మరణించెను. ఆతడు బాలమేధావి, వయస్సు వచ్చిన పిమ్మట ఆరంభించు మనకు ఆతనితో పోలిక లేదు. ఆతని గురువు రుద్రరాజు సుబ్బరాజుగారి బోధనపద్ధతి మాత్రము ఏ వయస్సు విద్యార్థికైనను పనికివచ్చును. చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులైన ఆయనకు మాండలిన్ వాయించుట రాదు. ఆయన కృతిని పాడెడివారు; పిల్లవాడు విని తంత్రిపై వెదకి పట్టుకొనెడివాడు. ఇండియానాపోలిస్‌లో గ్రామఫోను చేసిన పనిని పాలకొల్లులో ఆయన గాత్రము చేసినది.