జో ఫెరారీ ఉదంతం

జో ఫెరారీ ఉదంతం థాయిలాండ్ దేశంలో 2021 ఆగస్టులో వెలుగులోకి వచ్చిన పోలీసు అవినీతి, చిత్రహింసల కేసు. నఖోన్ సవన్ పట్టణ పోలీసు స్టేషను అధిపతి అయిన పోలీసు కల్నల్ థితిసన్ ఉత్తనఫోన్ తన కింది ఉద్యోగులతో కలిసి మాదకద్రవ్యాల కేసులో పట్టుబడిన 24 ఏళ్ళ యువకుని లంచం కోసం హింసించాడని, ఆ హింసలోనే యువకుడు మరణించాడని ఆరోపణలు వచ్చాయి. ఆ దృశ్యం ఉన్న వీడియో అంతర్జాలంలో బయటపడడంతో దేశమంతటా ఆగ్రహం వ్యక్తమైంది. థితిసన్ ఇంటిలో ఖరీదైన కార్లు బయటపడిన తరువాత ఆ ఆగ్రహం ఒక అధికారిని దాటి మొత్తం పోలీసు వ్యవస్థ మీదికి మళ్ళింది. 2022లో న్యాయస్థానం థితిసన్‌కు యావజ్జీవ శిక్ష విధించింది. 2025 మార్చిలో ఇతడు జైలులో మరణించాడు.

పేరు, ప్రదేశం

థాయి ప్రజలకు అసలు పేరుతో పాటు చిన్న ముద్దుపేరు ఉండడం ఆచారం. పత్రికలు కూడా ప్రముఖులను ముద్దుపేరుతోనే ప్రస్తావిస్తాయి. థితిసన్ ముద్దుపేరు జో. విలాసవంతమైన కార్ల మీద ఇతనికి ఉన్న మోజు వలన 'జో ఫెరారీ' అనే పేరు వచ్చింది. థాయి పత్రికలలో 'ఫూ కమ్‌కప్ జో' అని కూడా వ్రాస్తారు. ఫూ కమ్‌కప్ అనగా స్టేషను సూపరింటెండెంటు.

నఖోన్ సవన్ బాంకాక్‌కు ఉత్తరాన సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పింగ్, నాన్ నదులు ఇక్కడ కలిసి చావో ఫ్రయా నదిగా మారుతాయి. ఈ పేరుకు మూలం 'నగర', 'స్వర్గ' అనే సంస్కృత పదాలు. థాయి ఉచ్చారణలో మారిపోవడం వలన తెలుగువారు వెంటనే గుర్తుపట్టలేరు కాని, థాయి ఊర్ల పేర్లలోను, వ్యక్తుల పేర్లలోను ఇటువంటి సంస్కృత పదాలు విస్తారంగా ఉన్నాయి.

నేపథ్యం

థాయి పోలీసు శాఖలో రెండు లక్షలకు పైగా సిబ్బంది ఉన్నారు. 1998 వరకు హోం వ్యవహారాల మంత్రిత్వశాఖలో ఒక విభాగంగా ఉన్న ఈ శాఖ ఆ తరువాత నేరుగా ప్రధానమంత్రి ఆధీనంలోకి వచ్చింది. శాఖలో లంచగొండితనం ఎంత పాతదో చెప్పడానికి భాషలో స్థిరపడిన మాటలే చాలు. తెలుగులో 'మామూలు' అన్నట్లే థాయిలో 'సువాయ్' అంటారు. పూర్వం రాజుకు శ్రమ చేయలేని ప్రజలు బదులుగా వస్తురూపంలో చెల్లించే కప్పం పేరు అది. ఇప్పుడు దుకాణాలు, లారీలు, జూదశాలలు పోలీసులకు క్రమం తప్పకుండా ఇచ్చుకునే సొమ్ముకు ఆ పేరు నిలిచిపోయింది. చిన్న లంచాన్ని 'వేడినీళ్ళు, టీ ఖర్చు' అని పిలవడం కూడా ఉన్నది. పన్ను పేరు, ఆతిథ్యం పేరు లంచానికి అమరడాన్ని బట్టి ప్రజలు దానిని ఎంత సహజమైనదిగా భరిస్తూ వచ్చారో తెలుస్తుంది.

ఆ సహనం 2021 నాటికి సన్నగిల్లింది. 2012 సెప్టెంబరులో బాంకాక్‌లోని సుఖుమ్‌విత్ రోడ్డు మీద రెడ్ బుల్ సంస్థ వారసుడైన వొరయుత్ యూవిధ్య నడిపిన ఫెరారీ కారు విధినిర్వహణలో ఉన్న పోలీసును ఢీకొని చంపింది. చాలా ఏళ్ళు సాగదీసిన ఆ కేసులో అభియోగాలు ఎత్తివేశారని 2020 జూలైలో తెలియడంతో జనం తీవ్రంగా మండిపడ్డారు. చనిపోయినది తమ శాఖవాడే అయినా శ్రీమంతుని ముందు పోలీసులు నిలబడలేకపోయారన్నది అప్పటి ప్రధానమైన విమర్శ. 2021 ఫిబ్రవరిలో పార్లమెంటులో అవిశ్వాస తీర్మానంపై చర్చ జరిగినపుడు ప్రతిపక్ష సభ్యుడు రంగ్‌సిమన్ రోమ్, పోలీసు శాఖలో పదోన్నతులు సిఫారసు లేఖల మీద నడుస్తున్నాయని ఆరోపించాడు. ఆ లేఖలకు 'ఏనుగు టికెట్టు' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

అదే సంవత్సరం ఆగస్టులో కోవిడ్ మరణాలు పెరుగుతుండగా ప్రధాని ప్రయుత్ చాన్-ఓచా రాజీనామా కోరుతూ బాంకాక్ వీధులలో నిరసనలు జరుగుతున్నాయి. దిన్ దేంగ్ ప్రాంతంలో యువకులకు, పోలీసులకు మధ్య తరచు ఘర్షణలు జరిగేవి. పోలీసులు బాష్పవాయువు, రబ్బరు తూటాలు ప్రయోగించేవారు. నఖోన్ సవన్ వీడియో సరిగ్గా ఆ రోజులలోనే బయటపడింది.

సంఘటన

2021 ఆగస్టు తొలి వారంలో మాదకద్రవ్యాలు అమ్ముతున్నారనే అనుమానంతో ఒక యువకుని, అతని స్నేహితురాలిని పోలీసులు పట్టుకున్నారు. వారిని విడిచిపెట్టడానికి మొదట 10 లక్షల బాత్‌లకు ఒప్పందం కుదిరిందని, తరువాత థితిసన్ దానిని 20 లక్షలకు పెంచాడని, యువకుడు ఒప్పుకోకపోవడంతో హింస మొదలైందని ఆరోపణ. స్టేషను గదిలోని నిఘా కెమెరా వీడియోలో చేతులకు సంకెళ్ళు ఉన్న యువకుని తల మీద పోలీసులు ఒకదానిపై ఒకటిగా ప్లాస్టిక్ సంచులు తొడిగి, నేల మీదికి అదిమిపెట్టడం కనిపిస్తుంది. కదలిక ఆగిపోయిన తరువాత గుండె మీద ఒత్తి బ్రతికించడానికి వారే ప్రయత్నించడం కూడా అందులో ఉన్నది. మరణానికి కారణం మాదకద్రవ్యం మోతాదు మించడమేనని మొదట నమోదయింది.

ఈ విషయాన్ని బయటపెట్టినది పై అధికారులు కాదు, తనిఖీ బృందాలు కూడా కాదు. అదే స్టేషనులోని ఒక చిన్న స్థాయి పోలీసు తనకు ఫిర్యాదు చేశాడని న్యాయవాది దేచా కిత్తివిత్తయనన్ తన ఫేస్‌బుక్ పుటలో వ్రాశాడు. వైద్యునికి తప్పుడు కారణం చెప్పించారని, యువతిని నోరు విప్పవద్దని హెచ్చరించి వదిలారని, మృతుని తండ్రికి డబ్బు ఇచ్చి ఊరుకోబెట్టారని ఆ ఫిర్యాదులో ఉన్నది. ఆ తరువాత మరొక న్యాయవాది సిత్త్రా బియబంగ్‌కెర్డ్ వీడియోను ఆగస్టు 24న ప్రజల ముందుంచాడు. కింది ఉద్యోగి తన శాఖలోని తనిఖీ విభాగాన్ని నమ్మకుండా బయటి న్యాయవాదులను ఆశ్రయించవలసి రావడం కూడా తరువాతి చర్చలలో ముఖ్యాంశమైంది.

ప్రజాస్పందన

వీడియో వెలువడిన కొన్ని గంటలలోనే 'ఫూ కమ్‌కప్ జో' అన్న పేరు థాయి సామాజిక మాధ్యమాలలో అన్నిటికంటె ఎక్కువగా చర్చకు వచ్చిన అంశమైంది. చిత్రహింసల గురించి ఆరోపణలు థాయిలాండ్‌కు కొత్త కాదు. మానవహక్కుల సంస్థలు ఏళ్ళ తరబడి నివేదికలు ప్రకటిస్తూనే ఉన్నాయి, అధికారులు ఖండిస్తూనే ఉన్నారు. ఈసారి ఖండించడానికి వీలులేని సాక్ష్యం ప్రతి ఒక్కరి చేతిలోని ఫోనులోకి చేరింది. మృతుడు మాదకద్రవ్యాల కేసులో అనుమానితుడు. 2003లో థక్సిన్ షినవత్ర ప్రభుత్వం జరిపిన 'మాదకద్రవ్యాలపై యుద్ధం'లో వేలాదిమంది చనిపోయినపుడు ప్రజలలో అధికభాగం ఆ చర్యను సమర్థించారు. 2021లో మాత్రం అనుమానితుని పక్షాన నిలిచి మాట్లాడినవారే ఎక్కువ. ఈ మార్పును గమనించకపోతే ఈ ఉదంతం ప్రాముఖ్యం అర్థం కాదు.

థితిసన్ కొన్నాళ్ళు అజ్ఞాతంలో ఉన్నాడు. అతనిని సరిహద్దు దాటించివేస్తారేమోనన్న అనుమానం బలంగా వ్యక్తమైంది. ఆగస్టు 26న చోన్‌బురి రాష్ట్రంలోని సేన్ సుక్ పోలీసు స్టేషనులో అతడు లొంగిపోయాడు. ఆ రాత్రి బాంకాక్‌లో పోలీసు అధినేత సువత్ జంగ్యోద్‌సుక్ ఏర్పాటు చేసిన విలేఖరుల సమావేశం ఆగ్రహాన్ని చల్లార్చకపోగా మరింత పెంచింది. నిందితునికి టెలిఫోనులో విలేఖరులతో మాట్లాడే అవకాశం ఇచ్చారు. తాను డబ్బు అడగలేదని, ప్రజలను మాదకద్రవ్యాల నుండి కాపాడేందుకు సమాచారం రాబట్టాలనుకున్నానని, చంపే ఉద్దేశం లేదని, బాధ్యత తనదేనని, కింది ఉద్యోగుల తప్పు లేదని అతడు చెప్పుకున్నాడు. సామాన్య నిందితునికి ఇటువంటి వేదిక ఎన్నడైనా దొరికిందా అని పలువురు ప్రశ్నించారు. దర్యాప్తు చేయవలసినవారే సంజాయిషీ చెప్పించారన్న అభిప్రాయం స్థిరపడింది.

హ్యూమన్ రైట్స్ వాచ్ స్వతంత్ర దర్యాప్తు కోరింది. చిత్రహింసల నిరోధక చట్టం కోసం చాలాకాలంగా పాటుపడుతున్న క్రాస్ కల్చరల్ ఫౌండేషన్ వంటి స్వదేశీ సంస్థలకు అంతవరకు లభించని ప్రజాదరణ ఈ సమయంలో లభించింది. థితిసన్ వంటివాడు ఒక్కడే అని పోలీసు శాఖ అంటే, పట్టుబడినవాడు ఒక్కడే అని జనం అన్నారు.

కార్లు, ఆస్తి

బాంకాక్‌లోని ఖ్లోంగ్ సామ్ వా ప్రాంతంలో ఉన్న థితిసన్ భవనాన్ని పోలీసులు సోదా చేసినపుడు అనేక విలాసవంతమైన కార్లు బయటపడ్డాయి. మొత్తం 29 కార్లు అతనికి చెందినవిగా చెప్పబడ్డాయి. వాటిలో పరిమిత సంఖ్యలో తయారైన లంబోర్గిని అవెంతదార్ ఒకటి. దాని ఖరీదు 4.7 కోట్ల బాత్‌లని పత్రికలు వ్రాశాయి. అప్పటికి అతని జీతం నెలకు సుమారు 40,000 బాత్‌లు మాత్రమే. తినకుండా, తాగకుండా దాచినా ఆ ఒక్క కారు కొనడానికి తొంభై ఏళ్ళకు పైగా పడుతుంది. జనం ఈ లెక్కను వెంటనే వేసుకున్నారు.

ఈ సంపదలో కొంత భాగానికి చట్టబద్ధమైన మార్గమే ఉన్నదని తెలిసినపుడు ఆశ్చర్యం ఇంకా పెరిగింది. థాయి సుంకాల చట్టం ప్రకారం దొంగతనంగా దిగుమతి అయిన వస్తువును పట్టుకుంటే, వేలంలో వచ్చిన సొమ్ములో సమాచారం ఇచ్చినవారికి, పట్టుకున్న అధికారులకు వాటా దక్కుతుంది. పాత చట్టం క్రింద ఈ వాటాలు కలిపి 55 శాతం వరకు ఉండేవి. 2017 చట్టం దీనిని 40 శాతానికి తగ్గించి గరిష్ఠ పరిమితి కూడా విధించింది. 2011 నుండి 2017 వరకు థితిసన్ 368 కార్ల కేసులలో పాల్గొన్నట్లు సుంకాల శాఖ వెల్లడించింది. అక్రమ దిగుమతిదారులే అధికారులతో కుమ్మక్కై కార్లను 'పట్టించి', వేలంలో చవుకగా తిరిగి కొనుక్కుంటే పన్ను ఎగవేత చట్టబద్ధం అవుతుందన్న విమర్శ ఈ బహుమానాల పద్ధతి మీద చాలాకాలంగా ఉన్నది. సాధారణ ప్రజలకు అంతుపట్టని ఈ సుంకాల నిబంధన కొద్దిరోజుల పాటు టీకొట్ల దగ్గర కూడా చర్చనీయాంశమైంది.

విచారణ, శిక్ష

కేసు అవినీతి, అధికార దుర్వినియోగ నేరాల కేంద్ర న్యాయస్థానంలో విచారణకు వచ్చింది. 2022 జూన్ 8న తీర్పు వెలువడింది. హింసించి చంపిన నేరానికి థితిసన్‌తో పాటు మరి ఐదుగురు పోలీసులకు మొదట మరణశిక్ష విధించి, బాధితుని బ్రతికించడానికి ప్రయత్నించడం, అంత్యక్రియలకు సాయపడడం వంటి కారణాలు చూపి దానిని యావజ్జీవ కారాగారంగా తగ్గించారు. ఏడవ నిందితునికి 5 సంవత్సరాల 4 నెలల శిక్ష పడింది. ఉన్నత స్థాయి పోలీసు అధికారికి పది నెలలలోపే ఇటువంటి శిక్ష పడడం థాయిలాండ్‌లో అరుదు. వీడియో లేకపోతే కేసే ఉండేది కాదన్న మాట తీర్పును స్వాగతించినవారు కూడా అన్నారు.

చట్టంలో మార్పులు

చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో థాయిలాండ్ 2007లోనే చేరినా, దేశంలో చిత్రహింసలను ప్రత్యేక నేరంగా గుర్తించే చట్టం అప్పటికి లేదు. 2004 మార్చిలో న్యాయవాది సోమ్‌చాయ్ నీలపైజిత్ అదృశ్యమైన నాటి నుండి అటువంటి చట్టం కావాలని అడుగుతున్నా, ముసాయిదాలు మూలన పడి ఉండేవి. నఖోన్ సవన్ వీడియో వెలువడిన మరుసటి నెలలోనే ప్రతినిధుల సభ ఈ బిల్లును చర్చకు స్వీకరించింది. చిత్రహింసలు, బలవంతపు అదృశ్యాల నిరోధక చట్టం 2022 అక్టోబరులో రాజపత్రంలో ప్రచురితమై, 2023 ఫిబ్రవరి 22 నుండి అమలులోకి వచ్చింది. అరెస్టు చేసిన క్షణం నుండి వీడియో చిత్రీకరణ తప్పనిసరి చేసే నిబంధన ఇందులో ముఖ్యమైనది.

అయితే కెమెరాలు, నిధులు చాలవని పోలీసు శాఖ మొరపెట్టుకోగా, మంత్రివర్గం అదే నిబంధనను, దానికి అనుబంధమైన మరికొన్నిటిని 2023 అక్టోబరు వరకు వాయిదా వేస్తూ అత్యవసర శాసనం జారీ చేసింది. ఒక కెమెరా వలన పుట్టిన చట్టంలో కెమెరానే వాయిదా వేయడం మీద హక్కుల సంఘాలు ధ్వజమెత్తాయి. 2023 మే 18న రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాయిదా శాసనం చెల్లదని తీర్పు చెప్పింది. 2022లోనే వచ్చిన కొత్త జాతీయ పోలీసు చట్టం పోలీసులపై ప్రజల ఫిర్యాదులను పరిశీలించడానికి ఒక సంఘాన్ని ఏర్పరచింది.

తరువాతి పరిణామాలు

పోలీసులపై అనుమానం ఈ తీర్పుతో సమసిపోలేదు. 2023లో లారీల అద్దాలకు అంటించే గుర్తుల ద్వారా సాగే సువాయ్ వసూళ్ళను పార్లమెంటు సభ్యుడు విరోజ్ లక్ఖనాదిసొర్న్ బయటపెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరు 25న, కొత్త పోలీసు అధినేత ఎంపికకు రెండు రోజుల ముందు, ఆ పదవికి పోటీలో ఉన్న ఉప అధినేత సురచేత్ హక్‌పాన్ ఇంటిని అంతర్జాల జూదం కేసులో పోలీసులే సోదా చేశారు. సురచేత్ ఆరోపణలను తిరస్కరించాడు. 2024 మార్చిలో ప్రధాని శ్రేత్తా తవిసిన్ అతనిని, పోలీసు అధినేత తోర్‌సక్ సుక్‌విమోల్‌ను ఒకేసారి విధుల నుండి తప్పించి తన కార్యాలయానికి బదిలీ చేయవలసి వచ్చింది.

థితిసన్ 2025 మార్చి 7న బాంకాక్‌లోని ఖ్లోంగ్ ప్రేమ్ కేంద్ర కారాగారంలో తన గదిలో మరణించి కనిపించాడు. ఇది ఆత్మహత్య అని జైళ్ళ శాఖ ప్రకటించింది. అంతకుముందు జైలు సిబ్బందిలో ఒకరు తనను కొట్టినట్లు థితిసన్ చెప్పాడని, అందువలన మరణంపై తమకు అనుమానం ఉన్నదని కుటుంబసభ్యులు అన్నారు. ప్రభుత్వ అదుపులో ఉన్న మనిషి మరణానికి ప్రభుత్వం చెప్పే కారణాన్ని నమ్మవచ్చునా అన్న ప్రశ్న, 2021లో అతని స్టేషనులో చనిపోయిన యువకుని తరఫున జనం అడిగినదే, ఈసారి అతని తరఫున వినిపించింది.