వీడియో గేమ్ విమర్శ

వీడియో గేమ్‌ను ఆడి చూసి, దాని ఆటతీరు, బొమ్మలు, సంగీతం, కథ ఎలా ఉన్నాయో, అది ఆటగాడి చేత ఏం చేయిస్తుందో పరిశీలించి విలువ కట్టే రచనా ప్రక్రియ. 1970ల చివర్లో అమెరికన్ పత్రికల్లో చిన్న శీర్షికగా పుట్టింది. 1980లలో బ్రిటన్, జపాన్ పత్రికల్లో స్థిరమైన రూపం పొందింది. 2000 తర్వాత వెబ్‌సైట్లకూ వీడియోలకూ మారింది. ఇందులో రెండు పాయలున్నాయి. గేమ్ కొనవచ్చా లేదా అని చెప్పే సమీక్ష ఒకటి. గేమ్‌ను నవలలా, సినిమాలా చదివి అర్థం చెప్పే విశ్లేషణ రెండోది. మొదటి పాయ ఎప్పుడూ నిండుగానే పారింది. రెండోది ఆలస్యంగా వచ్చింది.

సినిమా సమీక్షకుడు రెండున్నర గంటలు హాల్లో కూర్చుంటే అందరూ చూసే సినిమానే చూస్తాడు. గేమ్ సమీక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. ఆట రాకపోతే మొదటి లెవెల్ దాటలేడు. బాగా వస్తే, కొత్తవాడు పడే అవస్థ అతని కంటికి ఆనదు. ఒకే గేమ్ ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా నడుస్తుంది. కంప్యూటర్‌లో హాయిగా సాగినది కన్సోల్‌లో తడబడవచ్చు. సమీక్షల్లో కాలక్రమాన వచ్చిన పద్ధతులు చాలావరకు ఈ చిక్కును విప్పడానికి చేసిన ప్రయత్నాలే.

ఆరంభం

ఆటల గురించి రాయడం కొత్త కాదు. చదరంగంపై శతాబ్దాలుగా గ్రంథాలున్నాయి, కానీ అవి ప్రధానంగా గెలిచే మార్గం చెప్పేవి. 1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ను తెచ్చిన రెండేళ్లకు, 1974లో, అమెరికాలో ‘ప్లే మీటర్’ మొదలైంది. నాణెం వేసి ఆడే యంత్రాల యజమానుల కోసం నడిచిన వ్యాపార పత్రిక అది. ఏ యంత్రం ఎక్కువ రాబడి తెస్తుందన్నదే అందులో ముఖ్యం. ఆడేవాడి పక్షాన మాట్లాడిన తొలి రచయితలు బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్. ‘వీడియో’ పత్రికలో ‘ఆర్కేడ్ అల్లీ’ అనే శీర్షిక నడిపిన ఈ మిత్రులు, జాయిస్ వర్లీతో కలిసి 1981లో ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ పత్రిక స్థాపించారు. కాట్జ్, వర్లీ సైన్స్ ఫిక్షన్ అభిమానుల పత్రికల్లో చేయి తిరిగినవారు. ఒక గేమ్‌ను మరో గేమ్‌తో పోల్చి, తయారీదారు పనితనాన్ని పేరు పెట్టి మెచ్చుకోవడం వీరితోనే అలవాటైంది. 1981 నవంబరులోనే బ్రిటన్‌లో ‘కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్’, అమెరికాలో రస్సెల్ సైప్ సంపాదకత్వంలో ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ వెలువడ్డాయి.

1982 క్రిస్మస్ అమ్మకాల కోసం అటారీ అదే పేరుగల సినిమా ఆధారంగా విడుదల చేసిన ‘ఈ.టీ.’ ఈ దశలో తరచుగా ఉదహరించే గేమ్. హోవార్డ్ స్కాట్ వార్షా దానిని ఐదు వారాల్లో తయారు చేయాల్సి వచ్చింది. తెర మీద నడిచే గ్రహాంతర వాసి మాటిమాటికీ గోతుల్లో పడతాడు. మెడ సాచి పైకి తేలి, అంచు దాటుతుండగానే మళ్లీ అదే గోతిలో జారతాడు. సినిమా పేరు చూసి కొన్న పిల్లలకు మిగిలింది ఆ గొయ్యే. మరుసటి ఏడాది అమెరికా గేమ్‌ల మార్కెట్ కుప్పకూలింది. నాసిరకం గేమ్‌ల వెల్లువ అందుకు ఒక కారణం. అమ్ముడుపోని కార్ట్‌రిడ్జ్‌లను న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పూడ్చిపెట్టారు. 2014 ఏప్రిల్‌లో తవ్వి కొన్నిటిని వెలికితీశారు. మార్కెట్‌తో పాటు పత్రికలూ చితికిపోయాయి. ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ 1985లో ఆగిపోయింది.

బ్రిటిష్ పత్రికల వైభవం

బ్రిటన్ పరిస్థితి వేరు. అక్కడ గేమ్‌లు 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వంటి చవక హోమ్ కంప్యూటర్ల మీద, క్యాసెట్లలో నడిచేవి. క్యాసెట్‌ను టేప్ రికార్డర్‌లో పెట్టి, గేమ్ లోడ్ కావడానికి నిమిషాల తరబడి ఎదురు చూడాలి. దుకాణంలో కనిపించేది అట్ట మీది రంగుల బొమ్మ మాత్రమే. లోపలి ఆటకూ ఆ బొమ్మకూ పోలిక ఉంటుందన్న భరోసా లేదు. కొనేవాళ్లు ఎక్కువగా బడి పిల్లలు, పెట్టేది దాచుకున్న చేతిఖర్చు. అందుకే సమీక్ష అవసరం అక్కడ బాగా కలిగింది.

ఆ అవసరాన్ని గుర్తించిన పత్రిక ‘క్రాష్’. ష్రాప్‌షైర్‌లోని లడ్లో అనే చిన్న పట్టణంలో, టపా ద్వారా గేమ్‌లు అమ్మిన రోజర్ కీన్, ఆలివర్ ఫ్రే, ఫ్రాంకో ఫ్రే ‘న్యూస్‌ఫీల్డ్’ సంస్థ పేరిట 1984 ఫిబ్రవరిలో దానిని ప్రారంభించారు. వారి పద్ధతి సాహసోపేతమైనది. సమీక్షలు రాయించింది స్థానిక పాఠశాల విద్యార్థుల చేత. ఒక్కో గేమ్‌ను ముగ్గురికి ఇచ్చి, ముగ్గురి మాటనూ ఒకదాని పక్కన ఒకటి అచ్చు వేసేవారు. ఒకరు మెచ్చి ఇంకొకరు తిట్టినా ఆ తేడాను చెరిపేవారు కారు. చివర్లో కంప్యూటర్ వినియోగం, గ్రాఫిక్స్, ఆడే తీరు, మొదలుపెట్టే సౌలభ్యం, వ్యసనంలా పట్టే గుణం, డబ్బుకు తగ్గ విలువ అనే అంశాలకు విడివిడిగా శాతాలు, తర్వాత మొత్తం శాతం. తొంభై దాటితే ‘క్రాష్ స్మాష్’ ముద్ర. పెద్దల పత్రికలు యంత్రం గురించి రాస్తుంటే, ఈ పిల్లలు గంతు వేసే మీట ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో, ఎన్నో ఆటకు విసుగు పుడుతుందో రాశారు. ఆటను చేతులతో అంచనా వేసే పద్ధతికి పునాది వేసింది వీరే.

1985లో అదే సంస్థ కమడోర్ 64 కంప్యూటర్ కోసం ‘జాప్!64’ తెచ్చింది. ఆర్కేడ్ ఆటల పోటీల్లో ఛాంపియన్ అయిన జూలియన్ రిగ్నల్, గ్యారీ పెన్ అందులో పేరు తెచ్చుకున్నారు. సమీక్ష పక్కన సమీక్షకుడి ముఖం గీసి ఉండేది. గేమ్ నచ్చితే ఆ ముఖం వెలిగిపోయేది, నచ్చకపోతే ముడుచుకునేది. చదవకముందే పాఠకుడికి సంగతి తెలిసేది. ఈ పత్రిక చేసిన మేలైన పని 1986లో జెఫ్ క్రామండ్ రూపొందించిన ‘ది సెంటినెల్’ విషయంలో కనిపిస్తుంది. గళ్లు గళ్లుగా పరచుకున్న కొండల మీద, నెమ్మదిగా చుట్టూ తిరిగే కావలివాడి చూపు పడకుండా ఎత్తుకు ఎక్కే ఆట అది. అంతకుముందు అలాంటిది లేదు. దానికి అత్యున్నత పురస్కారం ఇస్తూనే, దేనితోనూ పోల్చలేమని శాతాలు వేయడానికి సంపాదకులు నిరాకరించారు. అంకెల మీద నడిచే పత్రిక అంకెను పక్కన పెట్టడం విమర్శ పరిణతికి చక్కని గుర్తు. ‘క్రాష్’ 1992 దాకా నడిచింది.

ఇంతలో మార్కులు ఉబ్బిపోయాయి. మన బడుల్లో 35 వస్తే పాస్. గేమ్ పత్రికల్లో 70 వచ్చినా ఫెయిలైనట్టే లెక్క. దీన్ని ఎదిరించింది 1991లో మొదలైన ‘అమిగా పవర్’. వంద మార్కుల కొలబద్ద ఉన్నప్పుడు సగటు గేమ్‌కు 50 ఇవ్వాలని ఆ పత్రిక పట్టుబట్టింది. స్టువర్ట్ క్యాంప్‌బెల్, జొనాథన్ నాష్ వంటి రచయితలు చెత్త గేమ్‌లకు నిజంగానే అట్టడుగు మార్కులు వేశారు. గేమ్ సంస్థలతో ఘర్షణలు తప్పలేదు. 65 సంచికలతో 1996లో పత్రిక ముగిసింది.

1993లో స్టీవ్ జారట్ సంపాదకుడిగా వచ్చిన ‘ఎడ్జ్’ పిల్లల గొంతు వదిలి పెద్దల గొంతు అందుకుంది. సమీక్షల కింద పేర్లుండవు, తీర్పు పత్రికది. 1994లో అది ‘డూమ్’కు పదికి ఏడు ఇచ్చింది. ఎదురయ్యే రాక్షసులను కాల్చడమే కాక వారితో మాట్లాడే వీలుంటే ఎంత బాగుండేదో అని ఆ సమీక్షలో వ్యక్తమైన కోరికను చాలా ఏళ్లు ఎగతాళి చేశారు. తర్వాతి కాలంలో శత్రువుతో మాట్లాడి తప్పించుకునే గేమ్‌లు ఎన్నో వచ్చాయి కనుక ఆ కోరికలో దూరదృష్టి లేదనడం తగదు. ఆ పత్రిక తొలిసారి పదికి పది ఇచ్చింది 1996లో, ‘సూపర్ మారియో 64’కు.

జపాన్, అమెరికా

జపాన్‌లో 1986లో వెలువడిన ‘ఫామికామ్ సుషిన్’, అంటే నేటి ‘ఫామిట్సు’, నలుగురు సమీక్షకులు ఒక్కొక్కరు పదికి మార్కులు వేసి నలభైకి కూడే పద్ధతి పెట్టింది. తొలి నలభై కోసం పాఠకులు పన్నెండేళ్లు ఆగాల్సి వచ్చింది. 1998లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ దానిని అందుకుంది. 

అమెరికాలో 1988 నుంచి నింటెండో సంస్థే ‘నింటెండో పవర్’ నడిపింది. అమ్మేవాడే చెప్పే మాటలో విమర్శ పాలు సహజంగానే తక్కువ. ‘ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ’ నలుగురు సమీక్షకుల పద్ధతి పాటించింది. ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’లో స్కార్పియా అనే కలం పేరుతో రాసిన రచయిత్రి అడ్వెంచర్, రోల్ ప్లేయింగ్ గేమ్‌లను చివరంటా ఆడి, ఏ పొడుపు అన్యాయంగా ఉందో, ఏ కథ మధ్యలో తెగిందో నిక్కచ్చిగా చెప్పేవారు. ‘మైట్ అండ్ మ్యాజిక్’ సిరీస్‌పై ఆమె ఘాటు సమీక్ష తర్వాత, దాని మూడో భాగంలో ఒక రాక్షసికి ఆమె పేరే పెట్టారు.

వెబ్, మెటాక్రిటిక్, ప్రకటనలు

1996లో గేమ్‌స్పాట్, ఐజీఎన్ వెబ్‌సైట్లు మొదలయ్యాక నెలనెలా వచ్చే సమీక్ష విడుదల రోజుకే రాసాగింది. 2001లో వచ్చిన మెటాక్రిటిక్ అన్ని పత్రికల మార్కులనూ వందకు మార్చి సగటు తీసింది. కొనేవారికి అది సౌకర్యం, తయారీదారులకు కత్తి మీద సాము. 2010 నాటి ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ సగటు 85కు చేరితే దాన్ని రూపొందించిన అబ్సీడియన్ సంస్థకు బోనస్ దక్కేది. 84 దగ్గర ఆగింది. ఈ సంగతి 2012లో ఆ సంస్థకు చెందిన క్రిస్ అవెలోన్ వెల్లడించారు. వేర్వేరు మనసులతో రాసిన సమీక్షలను ఒక అంకెగా నలిపి, దానితో జీతభత్యాలు తేల్చడం ఈ ప్రక్రియ చూసిన తీవ్రమైన అన్యాయాల్లో ఒకటి.

ప్రకటనల ఒత్తిడి 2007 నవంబరులో బయటపడింది. ‘కేన్ అండ్ లించ్: డెడ్ మెన్’కు పదికి ఆరు ఇచ్చిన జెఫ్ గెర్స్ట్‌మన్‌ను గేమ్‌స్పాట్ తొలగించింది, అప్పటికే సైట్ పేజీల మీద ఆ గేమ్ ప్రకటనలున్నాయి. ప్రకటనదారుల ఒత్తిడి నేపథ్యాన్ని ఆయన 2012లో గాని బహిరంగంగా చెప్పలేకపోయారు. 2013 మార్చిలో ‘సిమ్‌సిటీ’ మరో సమస్య తెచ్చింది. ఇంటర్నెట్ లేకుండా నడవని ఆ గేమ్ సర్వర్లు తొలి రోజుల్లోనే చతికిలబడ్డాయి. ముందుగా ఆడి 9.5 ఇచ్చిన పాలిగాన్ సైట్ దానిని 8కి, ఆపై 4కు తగ్గించి, చివరకు 6.5కు చేర్చింది. విడుదలయ్యాక మారుతూ ఉండే వస్తువును ఒకే తేదీన తూచడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా కుదరలేదు. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ ముందస్తు సమీక్షలకు కంప్యూటర్ ప్రతి మాత్రమే ఇచ్చారు. మంచి మార్కులు చూసి ప్లేస్టేషన్ 4లో కొన్నవారికి ఆగి ఆగి నడిచే గేమ్ దక్కింది. సుమారు వారానికే సోనీ తన స్టోర్ నుంచి దానిని తీసేసింది.

విశ్లేషణ, కళా వివాదం

1997లో ఎస్పెన్ ఆర్సెత్, జానెట్ ముర్రే గ్రంథాలతో విశ్వవిద్యాలయాలు ఈ రంగంలోకి వచ్చాయి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ చేసిన ‘టెట్రిస్’ను ముర్రే 1990ల అమెరికన్ల తీరిక లేని బతుకుకు ప్రతీకగా చదివారు. ఆటను ఆటగా చూడకుండా కథ అంటగడుతున్నారని మార్కు ఎస్కెలినెన్ 2001లో ‘గేమ్ స్టడీస్’ పత్రిక తొలి సంచికలో ఖండించారు. 2004లో కీరన్ గిలెన్, ఆటలో రచయిత పొందిన అనుభవాన్నే యాత్రా రచనలా రాయాలని ప్రతిపాదించారు. 2007లో గేమ్ రూపకర్త క్లింట్ హాకింగ్ ‘బయోషాక్’పై రాసిన వ్యాసం విలువైనది. ఆట నియమాలు స్వలాభం చూసుకునే స్వేచ్ఛ ఇస్తుండగా, కథ మాత్రం ఇంకొకరికి సాయపడటం తప్ప దారి లేకుండా చేస్తోందని, ఈ వైరుధ్యం గేమ్‌ను దెబ్బతీసిందని ఆయన చూపారు.

సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010 ఏప్రిల్‌లో వీడియో గేమ్‌లు ఎన్నటికీ కళ కాలేవని రాశారు. జూలైలో, వాటి అనుభవం లేకుండా ఆ మాట రాసి ఉండాల్సింది కాదని ఒప్పుకున్నారు. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో గేమ్‌లకు పుస్తకాలు, నాటకాలు, సినిమాలతో సమానంగా భావ ప్రకటనా రక్షణ ఉందని తీర్పు చెప్పింది. 2013 నుంచి విమర్శకురాలు అనీతా సర్కీసియన్ గేమ్‌లలో స్త్రీ పాత్రల చిత్రణపై వీడియోలు చేశారు. అందుకు ఆమె తీవ్రమైన వేధింపులు భరించాల్సి వచ్చింది.

అచ్చు పత్రికలు చాలావరకు మూతపడ్డాయి. 2013లో గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్, కొనుగోలుదారులే రాసే సమీక్షలను ప్రవేశపెట్టింది. యూట్యూబ్‌లో గేమ్‌ను ఆడి చూపుతూ మాట్లాడటం ప్రధాన రూపమైంది.

భారతదేశంలో

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ విదేశీ సమీక్షకులు శ్రద్ధగా పరిశీలించిన భారతీయ గేమ్. తమ్ముడిని వెతుక్కుంటూ రాక్షసులతో పోరాడే రాజీ కథకూ, గోడల మీది చిత్రలేఖనానికీ ప్రశంసలు దక్కాయి. పోరాట ఘట్టాల్లో కంట్రోల్స్ బిగుసుకుపోయాయన్న ఫిర్యాదూ వచ్చింది. గేమ్ రూపకర్తల వార్షిక సదస్సు ఐజీడీసీ చాలా ఏళ్లు హైదరాబాద్‌లో జరిగింది. తెలుగులో గేమ్‌ల గురించిన మాట ప్రధానంగా యూట్యూబ్ వీడియోల్లో, లైవ్ స్ట్రీమ్‌లలో వినిపిస్తుంది. దేశంలో ఎక్కువమంది ఆడేది మొబైల్ గేమ్‌లే అయినా, వాటి రూపకల్పనను, లోపల డబ్బు ఖర్చు చేయించే ఏర్పాట్లను పరిశీలించే రాతపూర్వక విమర్శ తెలుగులో చాలా స్వల్పం.